ఛాతీలో మంటకు బీఎంఐ అడుగుతున్నారు: ఐఆర్‌డీఏఐకి బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు,
నానక్‌రామ్‌గూడ, హైదరాబాద్.

విషయం: బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్ తర్వాత వచ్చిన రిఫ్లక్స్‌కు (యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నడానికి) చేసే పొట్ట బైపాస్ సర్జరీని ఎక్స్‌క్లూజన్ 06 (ఊబకాయం చికిత్సలకు బీమా మినహాయింపు) కింద తిరస్కరించడం గురించి.

అయ్యా, అమ్మా,

నేను ఉప్పల్‌లో ఉంటాను. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. బీమా వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏ ఢిల్లీలోనో ముంబయిలోనో ఉంటుందని చాలామంది అనుకుంటారు. మాకు మాత్రం బ్లూ లైన్ మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగితే అక్కడి నుంచి ఆటో దూరం. అంత దగ్గర ఉన్నవాళ్లకు అందరి ముందూ ఉత్తరం రాయడమెందుకు, వెళ్లి చెప్పొచ్చుగా అని మా ఆయన అన్నారు. నా క్లెయిమ్ గురించి మాత్రమే అయితే అలాగే చేసేదాన్ని. కానీ సర్జన్ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు నా పక్కవాళ్ల చేతుల్లోనూ ఇదే తిరస్కరణ కాగితం చూశాను. అందుకే ఇలా రాస్తున్నాను.

2017లో స్లీవ్ చేయించుకున్నాను. అప్పుడు నా బరువు 105 కిలోలు, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 42. ఆ రోజుల్లో చాలా పాలసీలు ఊబకాయం సర్జరీ అనగానే తలుపు మూసేసేవి కాబట్టి డబ్బు మేమే కట్టుకున్నాం. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. బరువు 68 దాకా దిగింది, షుగర్ మాత్రలు ఆగాయి, మూడో అంతస్తులోని క్లాసుకు ఆయాసం లేకుండా ఎక్కాను. స్లీవ్‌ను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదని ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఇలాంటివి వాట్సాప్‌లో తిరగడం మొదలుపెడితే, చివరికి మిగిలే అర్థం అదొక్కటే అవుతుంది.

మంట తర్వాత వచ్చింది. స్లీవ్‌లో పొట్టను ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ లాంటి సన్నటి గొట్టం. దాని లోపల ఒత్తిడి ఎక్కువ. అన్నవాహిక వచ్చి పొట్టలో కలిసే చోట సహజంగా ఉండే వంపు కూడా దెబ్బతింటుంది. నాకు వీటికి తోడు హయాటల్ హెర్నియా, అంటే పొట్ట పైభాగం డయాఫ్రం దాటి ఛాతీలోకి జారింది. ఇన్ని కలిశాక యాసిడ్ పైకి రాకుండా ఆపేదేమీ ఉండదు. ఇది నా ఒక్కదాని తలరాత కూడా కాదు. ఫిన్లాండ్‌లో 240 మందిని లాటరీ పద్ధతిలో స్లీవ్‌కు కొందరిని, బైపాస్‌కు కొందరిని పంపి పదేళ్లు గమనించిన స్లీవ్‌పాస్ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. పదేళ్ల దగ్గర ఎండోస్కోపీ చేస్తే స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి అన్నవాహిక ఒరిసిపోయి ఉంది. బైపాస్ వాళ్లలో అది 7 శాతం. మన దగ్గర బరువు తగ్గించే సర్జరీల్లో స్లీవ్‌దే పెద్ద వాటా. అలాంటప్పుడు మీ ముందుకు ఇలాంటి క్లెయిములు ఇంకా ఎన్ని వస్తాయో ఊహించుకోవడానికి లెక్కల టీచరు అక్కర్లేదు.

ఎసిడిటీ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. గ్యాస్ అంటాం, వాము నములుతాం, సోడా తాగుతాం, మర్నాటికి మరిచిపోతాం. నాది అది కాదు. అర్ధరాత్రి దాటాక గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్ని, ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని. మంచానికి తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. రాత్రి భోజనం ఏడింటికే ముగించాను. ఇరానీ చాయ్ మానేశాను. ఆవకాయ జాడీని మా అత్తమ్మ నా కంట పడకుండా దాచింది. పొద్దున ఒక పాంటాప్రజోల్, చాలక రాత్రికి ఇంకొకటి. అయినా రెండో పీరియడ్‌కే గొంతు బొంగురుపోయేది. చివరికి పళ్ల డాక్టరే, నేనేమీ చెప్పకముందే, నోట్లోకి చూసి ‘రాత్రిళ్లు పుల్లగా పైకి వస్తోందా మేడమ్’ అని అడిగారు. పళ్ల లోపలి వైపు ఎనామిల్ అరిగిపోయి ఉంది.

ఎండోస్కోపీలో గ్రేడ్ సి ఇసోఫజైటిస్ అని వచ్చింది. అన్నవాహిక ఎంత ఒరిసిందో ఎ నుంచి డి వరకు నాలుగు మెట్లుగా చెప్పే లాస్ ఏంజెలిస్ కొలతలో అది మూడో మెట్టు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి అన్నవాహికలోకి వచ్చే యాసిడ్‌ను ఒక రోజంతా కొలిచే పీహెచ్ పరీక్ష కూడా అదే మాట చెప్పింది.

ఇక్కడ ఒక విషయం మీరు దయచేసి నిదానంగా చదవాలి. మామూలు పొట్ట ఉన్న మనిషికి రిఫ్లక్స్ మందులకు లొంగకపోతే ఫండోప్లికేషన్ అనే ఆపరేషన్ ఉంది. పొట్ట పైభాగాన్ని, అంటే ఫండస్‌ను, అన్నవాహిక అడుగున చుట్టి కుడతారు. నాకు చుట్టడానికి ఫండస్ లేదు. స్లీవ్‌లో కోసి తీసేసింది ముఖ్యంగా దాన్నే. కాబట్టి నా సర్జన్ చెప్పిన దారి రూ-ఎన్-వై బైపాస్. పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మిగిల్చి, కింది నుంచి చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. ఆ సంచిలో యాసిడ్ తయారయ్యే కణాలు తక్కువ. మధ్యలో సుమారు మీటరు పొడవు పేగు ఉంటుంది కాబట్టి పైత్యరసం వెనక్కి ఎగదన్నదు. గొట్టంలోని ఒత్తిడీ పోతుంది. అదే ఆపరేషన్‌లో హెర్నియాను కూడా సరిచేశారు.

ఇద్దరు మనుషులు, ఒకటే జబ్బు, ఒకటే ఎండోస్కోపీ రిపోర్టు. ఒకరికి ఫండస్ ఉంది, ఒకరికి లేదు. మొదటివాళ్ల ఆపరేషన్‌కు ఎవరూ తూకం మిషన్ తీయరు. రెండోవాళ్లను బీఎంఐ ఎంత అని అడుగుతున్నారు. ఈ ఉత్తరమంతా ఆ తేడా గురించే.

క్యాష్‌లెస్ దరఖాస్తు మీద గంటలోపు నిర్ణయం చెప్పాలని 2024 మాస్టర్ సర్క్యులర్‌లో మీరు పెట్టారు. మా బీమా కంపెనీ ఆ నియమాన్ని చక్కగా పాటించింది, గంట తిరక్కుండానే కాదంది. ఫోన్ చేస్తే అటునుంచి ఒక అబ్బాయి, మర్యాదగానే, ‘మేడమ్, మీ బీఎంఐ 29 ఉంది. మినిమమ్ 35 ఉండాలి’ అన్నాడు. మొదటి ఆపరేషన్ సంగతి పాలసీ తీసుకునేటప్పుడే రాసి ఇచ్చాను, వెయిటింగ్ పీరియడ్ ఎప్పుడో దాటింది. ఆ రెండిటి మీద కంపెనీకి పేచీ లేదు. పేచీ అంతా బరువు మీదే.

లెక్క చేశాను. నా ఎత్తు 158 సెంటీమీటర్లు. బీఎంఐ 29 నుంచి 35కు వెళ్లాలంటే 15 కిలోలు పెరగాలి. పెరిగినా సరిపోదు. 40 లోపు ఉన్నవాళ్లకు ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండరాల జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగిపోతుండటం), అదుపు తప్పిన టైప్ 2 షుగర్, వీటిలో ఏదో ఒకటి ఉండాలని నిబంధన. రిఫ్లక్స్ ఆ నాలుగింటిలో లేదు. అంటే మొదటి ఆపరేషన్ వల్ల దక్కిన ఆరోగ్యాన్నంతా పోగొట్టుకుని వస్తే, అప్పుడు నా గొంతు మంట గురించి ఆలోచిస్తారన్నమాట. అసలు ఈ బీఎంఐ సూత్రం కట్టింది కెట్లే అనే 19వ శతాబ్దపు బెల్జియం గణాంక శాస్త్రవేత్త. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో చూడటం కోసం కట్టాడు. మంచం మీద కూర్చుని దగ్గుతున్న ఒక మనిషికి ఆపరేషన్ కావాలో వద్దో తేల్చమని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇది లెక్కల టీచరు గొణుగుడు, వదిలేయండి.

2019లో మీరు మినహాయింపులను ఒక పద్ధతిలోకి తెచ్చినప్పుడు వచ్చిందే ఈ ఎక్స్‌క్లూజన్ 06. అంతకు ముందుతో పోలిస్తే అది మంచి మార్పే, కాదనను. దానివల్ల ఎంతోమందికి మొదటి సర్జరీకి దారి తెరుచుకుంది. అయితే అది ఊబకాయానికి చేసే శస్త్రచికిత్సల గురించి రాసిన నిబంధన. నా కేస్ షీటులో సర్జరీ దేనికి అన్న గడిలో మందులకు తగ్గని రిఫ్లక్స్, ఇసోఫజైటిస్, హయాటల్ హెర్నియా అని ఉంది. ఊబకాయం అన్న మాట పాత చరిత్రలో తప్ప ఎక్కడా లేదు. క్లెయిమ్ చూసినవాళ్లు ఆ గడి దాకా రాలేదు. బైపాస్ అన్న పేరు దగ్గరే ఆగిపోయారు. తిరస్కరించే ముందు ముగ్గురు సభ్యుల క్లెయిమ్ రివ్యూ కమిటీ ఒప్పుకోవాలని, ఏ నిబంధన ప్రకారమో రాసి ఇవ్వాలని మీరే చెప్పారు. నాకు వచ్చిన లేఖలో నిబంధన నంబరు ఉంది. ఎండోస్కోపీ గురించి ఒక్క ముక్క లేదు.

చివరికి గాజులు బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకున్నాం. 

ఆపరేషన్ తర్వాతి రోజుల గురించి కొంచెం వివరంగా రాస్తాను. రిఫ్లక్స్ వంక పెట్టుకుని ఇంకా సన్నబడటానికి జనం దీన్ని చేయించుకుంటారన్న అనుమానం మీ సంస్థలోనో, కంపెనీల్లోనో ఎవరికైనా ఉంటే ఇది చదివాక కొంతైనా తగ్గుతుందని.

ఒకసారి కోసి స్టేపుల్ చేసిన చోట మళ్లీ కోయడం మొదటిసారంత తేలిక కాదు. లోపల అంటుకుపోయిన పొరలను విడదీయాలి, పాత కుట్టు వరస మీదుగా వెళ్లాలి, లీకయ్యే ప్రమాదం మొదటి సర్జరీ కంటే ఎక్కువ. డిశ్చార్జి రోజున నాడి 120 దాటినా, జ్వరం వచ్చినా, ఎడమ భుజంలో కొత్తగా నొప్పి మొదలైనా ఏ వేళైనా సరే వచ్చేయమన్నారు. మా ఆయన వేలికి పెట్టే ఆక్సీమీటరు పట్టుకుని నా చుట్టూ తిరిగారు. కరోనా నాడు కొన్నది అలా పనికొచ్చింది.

మొదట్లో అంతా ద్రవాలే, అదీ చిన్న గ్లాసుతో, గుక్క గుక్కకు ఆగి. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితంలో క్లియర్ సూప్, బ్రాత్, జెల్లీ అని ఉంది. మా అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టి, మజ్జిగ తేట, పలచటి గుడ్డలో వడకట్టిన పెసరకట్టు, కొబ్బరి నీళ్లు మొదలుపెట్టింది. డైటీషియన్‌కు ఫోన్ చేసి అడిగితే కొబ్బరి నీళ్లు తగ్గించమని, మిగతావి భేషుగ్గా ఉన్నాయని చెప్పింది. తర్వాత రాగి జావ, మెత్తగా గిలక్కొట్టి ఉడికించిన గుడ్డు, పప్పు ముద్ద. రోజుకు 60 గ్రాముల ప్రోటీన్ తగ్గకూడదన్నారు. అన్నం చుట్టూ తిరిగే ఇంట్లో, అరకప్పు పట్టని కడుపుతో, ఆ 60 గ్రాములు పూర్తి చేయడమే రోజంతా పని. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. ఇడ్లీ ముక్క సరిగ్గా నమలకపోతే ఛాతీ మధ్యలో నిలబడిపోతుంది. అది కిందికి దిగేదాకా లాలాజలం నురగలా నోటికొస్తూనే ఉంటుంది, మాట రాదు. ఉగాదికి బొబ్బట్టు ముక్క నోట్లో వేసుకుంటే పావుగంటలో ఒళ్లంతా చెమటలు, గుండెదడ, లేచి నిలబడలేనంత నీరసం. దీన్ని డంపింగ్ అంటారు, తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే వచ్చేది. కొన్ని నెలలకు దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. ఇది తాత్కాలికమేనని డాక్టర్లు ముందే చెప్పారు, నిజంగానే తగ్గింది. కానీ రాలుతున్న రోజుల్లో ఆ మాట ఎవరికి గుర్తుంటుంది?

మాత్రలు మాత్రం జీవితాంతం. బి12, ఐరన్, డి విటమిన్, కాల్షియం సిట్రేట్. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఒకదాన్ని ఒకటి ఒంటికి పట్టనివ్వవు. ఐరన్ వేసుకున్నాక వెంటనే టీ తాగకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రల జోలికి ఇక పోకూడదు, కుట్టు దగ్గర పుండు పడుతుంది. మన మెడికల్ షాపుల్లో నడుం నొప్పి అంటే చాలు మొదట చేతిలో పెట్టేది అవే, కాబట్టి ప్రతిచోటా ముందు నా కథ చెప్పుకోవాలి.

ఇదంతా నడుస్తుండగా పక్కింటావిడ వచ్చి కూర్చుని, ‘మల్ల ఆపరేషన్ చేయించుకున్నవంట గద వదినా, ఇంకెంత సన్నగైతవ్?’ అంది. ఆమె మీద కోపం రాలేదు. అచ్చం అదే ప్రశ్నను డాక్టర్లున్న ఒక కంపెనీ లెటర్‌హెడ్ మీద చదివి ఉన్నాను కదా.

బరువు కొంత తగ్గింది, దాచను. ఇంత తక్కువ తింటే తగ్గక ఏమవుతుంది? అయితే నేను ఆపరేషన్ బల్ల ఎక్కింది దానికోసం కాదు. ఇంటికొచ్చిన వారంలోనే మంచం కింద ఇటుకలు తీయించేశాను. వెల్లకిలా పడుకోవడం, తెల్లారేదాకా దగ్గు లేకపోవడం, వరసగా మూడు క్లాసులు గొంతు తెగకుండా చెప్పడం, ఇవీ నాకు దక్కినవి. తర్వాత చేసిన ఎండోస్కోపీలో అన్నవాహిక మానిపోయింది.

డిశ్చార్జి తర్వాతి మందుల బిల్లులు కూడా పంపాను, నా పాలసీలో ఆ అవకాశం ఉంది కాబట్టి. పాంటాప్రజోల్‌ను కొట్టేస్తూ, రిఫ్లక్స్ తగ్గితే ఇది ఎందుకని రాశారు. కొత్తగా కలిపిన చోట పుండు పడకుండా బైపాస్ తర్వాత కొన్ని నెలలు అది ఇవ్వడం అందరూ పాటించే పద్ధతే. విటమిన్లను ఎక్స్‌క్లూజన్ 14 కింద కొట్టేశారు. ఆ నిబంధన నేను పూర్తిగా చదివాను. ఆసుపత్రి క్లెయిమ్‌లో భాగంగా డాక్టరు రాసిస్తే విటమిన్లకు ఆ మినహాయింపు వర్తించదని అందులోనే ఉంది. నాకు డాక్టరు రాసిచ్చారు. ఆ చీటీ బిల్లులతో పాటే పిన్ చేసి ఉంది. పాలసీ కాగితాలు ఇంత ఓపికగా చదివే తీరిక నాకు ఎక్కడిదంటే, అరకప్పు జావ ముగించడానికి ముప్పావు గంట పడుతుంది మరి.

నేను అడుగుతున్నది చిన్న వివరణ. స్లీవ్ అయినవాళ్లకు రిఫ్లక్స్ కోసం చేసే రివిజన్ సర్జరీ (పాత ఆపరేషన్‌ను మార్చి చేసేది) ఊబకాయం చికిత్స కిందికి రాదని, దానికి బీఎంఐ షరతు పెట్టకూడదని కంపెనీలకు ఒక సర్క్యులర్ పంపండి. దుర్వినియోగం భయం ఉంటే దానికి తగిన కొలత వైద్యుల దగ్గర ఇప్పటికే ఉంది. లియాన్ ఏకాభిప్రాయం పేరుతో జీర్ణకోశ వైద్యులు ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం ఎండోస్కోపీలో గ్రేడ్ బి లేదా ఆపైన ఇసోఫజైటిస్ ఉన్నా, బారెట్స్ మార్పులు (అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) కనిపించినా, పీహెచ్ పరీక్షలో రోజు మొత్తం సమయంలో 6 శాతానికి మించి యాసిడ్ అన్నవాహికలో ఉన్నా అది రుజువైన రిఫ్లక్స్. వాటిని అడగండి. ఫొటోలతో సహా అడగండి. సన్నబడటానికి వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు. నాలాంటివాళ్లు ఆ కాగితాలు చంకలో పెట్టుకునే తిరుగుతున్నారు.

కొందరికి రివిజన్ నిజంగానే బరువు కోసం చేయాల్సి వస్తుంది, మొదటిసారి తగ్గినదంతా తిరిగి వచ్చినప్పుడు. వాళ్ల సంగతి వేరే చర్చ. అందులో కూడా 35, 40 అన్న అంకెలను మళ్లీ చూడాల్సిన సమయం వచ్చింది. అమెరికా బేరియాట్రిక్ (ఊబకాయం) సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆసియా వాళ్లకు బీఎంఐ 27.5 చేరితే చాలు, సర్జరీ గురించి చెప్పాలన్నాయి. దాన్ని ఈ ఉత్తరంలోకి లాగితే అసలు విషయం పలచబడుతుంది.

ఇంకొక్కటి. తిరస్కరణ లేఖ అడుగున బీమా అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) వివరాలు ఉంటాయి కానీ కంటికి ఆనవు. హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉందని, ఫీజు లేదని, కంపెనీ తుది మాట చెప్పిన ఏడాదిలోపు వెళ్లొచ్చని పెద్ద అక్షరాల్లో, పాలసీదారుకు వచ్చిన భాషలో రాయమని చెప్పండి. డ్రెయిన్ గొట్టం తీసిన మచ్చ ఇంకా పచ్చిగా ఉన్న మనిషికి వెతుక్కునే ఓపిక ఉండదు.

నా ఫిర్యాదు అంబుడ్స్‌మన్ దగ్గర ఉంది, అది అక్కడ తేలుతుంది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత చేసిన రెండు ఎండోస్కోపీ రిపోర్టులు, పీహెచ్ పరీక్ష, సర్జన్ లేఖ, తిరస్కరణ లేఖల నకళ్లు స్పీడ్ పోస్టులో మీ చిరునామాకు విడిగా పంపుతున్నాను. పేరు, పాలసీ నంబరు వాటి మీద ఉన్నాయి. మీ వైద్య సలహాదారులు పిలిస్తే వస్తాను. పీరియడ్లు లేని శనివారం అయితే మంచిది.

ఇట్లు,
ఒక పాలసీదారు,
ఉప్పల్, హైదరాబాద్.